స్విచ్చు ఆపినా సన్నగా వెలుగుతున్న ఎల్‌ఈడీ బల్బులు: దోషం బల్బుదా, వైరింగుదా?

చలక_నేల
దేవరకొండ దగ్గర నిరుడు కట్టుకున్న మా ఇంట్లో ఒక సమస్య వచ్చింది. రాత్రి స్విచ్చు ఆపిన తరువాత కూడా రెండు పడకగదుల్లోనూ మెట్ల దగ్గరా ఉన్న ఎల్‌ఈడీ బల్బులు పూర్తిగా ఆరడం లేదు. చీకటికి కళ్ళు అలవాటు పడ్డాక వాటిలో సన్నటి వెలుగు స్పష్టంగా కనిపిస్తోంది. వంటగదిలో, హాలులో ఈ తేడా లేదు. వైరింగు చేసిన ఎలక్ట్రీషియన్‌ను అడిగితే ఎల్‌ఈడీలన్నీ అంతేనని, పట్టించుకోవద్దని అన్నారు. మా నాన్నగారు బల్బు పోతే ఎవరినీ పిలవరు, స్విచ్చు ఆపి స్టూలెక్కి తామే మార్చుకుంటారు. అందుకే నాకు భయంగా ఉంది. ఇంకొకటి, స్నానాలగదిలో గుండ్రటి గాజు మూత ఉన్న దీపంలో పెట్టిన బల్బులు కొద్ది నెలలకే పోతున్నాయి. ఈ రెంటికీ సంబంధం ఉందా?

మిర్యాలగూడ_మిల్లు
మా ఇంట్లో కూడా ఇలాగే ఉండేది. వేరే కంపెనీ బల్బు పెట్టగానే ఆ వెలుగు పోయింది. కాబట్టి దోషం బల్బుదేనని నా అభిప్రాయం. గోడలు తవ్వించే ముందు బల్బు మార్చి చూడండి.

పాలమూరు_వైర్‌మన్
మిర్యాలగూడ_మిల్లు గారు చెప్పినట్లు బల్బు మారిస్తే వెలుగు కనబడకుండా పోవచ్చు, కానీ కారణం అక్కడే ఉండిపోతుంది. అది ఎలా జరుగుతుందో కొంచెం వివరంగా చెబుతాను.

స్విచ్చు ఎప్పుడూ ఫేజు వైరు మీదే, అంటే కరెంటు వచ్చే వైరు మీదే ఉండాలి. ఇళ్ళ వైరింగుకు ఆధారమైన ఐఎస్ 732 ప్రమాణం కూడా అదే చెబుతుంది. పొరపాటున ఫేజు నేరుగా హోల్డర్‌కు వెళ్ళి, స్విచ్చు న్యూట్రల్ మీద, అంటే కరెంటు తిరిగివెళ్ళే వైరు మీద పడితే, స్విచ్చు వేసినప్పుడు బల్బు మామూలుగానే వెలుగుతుంది, ఆపినప్పుడు మామూలుగానే ఆరినట్లు ఉంటుంది. కానీ ఆపిన తరువాత కూడా హోల్డర్ దాకా 230 వోల్టులు నిలిచే ఉంటాయి. రెండవ వైరు స్విచ్చు దగ్గర తెగి ఉన్నా, పైపులో పక్కపక్కన సాగే వైర్ల మధ్య, వైరుకూ గోడకూ మధ్య అతి స్వల్పంగా కరెంటు ప్రవహిస్తుంది. ఎల్‌ఈడీ వెలగడానికి ఆ కాస్త చాలు.

పాత ఫిలమెంటు బల్బుల కాలంలోనూ ఈ తప్పు మన ఇళ్ళల్లో ఉండేది. అయితే ఆ తీగ ఎర్రబడటానికి చాలా కరెంటు కావాలి కనుక తప్పు బయటపడేది కాదు. ఎల్‌ఈడీలు వచ్చాకే అది కంటికి కనబడుతోంది. మీ వంటగదిలో, హాలులో ఈ వెలుగు లేకుండా పడకగదుల్లో, మెట్ల దగ్గర మాత్రమే ఉందంటే అక్కడికి వెళ్ళే వైర్లు తారుమారయ్యాయని నేను మొదట అనుమానిస్తాను. అది తేలేదాకా మీ నాన్నగారిని హోల్డర్ ముట్టుకోనివ్వకండి. మెయిన్ ఆపిన తరువాతే బల్బు మార్చాలి.

మిర్యాలగూడ_మిల్లు
మీ మాట కాదనను. కానీ స్విచ్చులోనే చిన్న ఎర్రదీపం ఉండే రకాలతో కూడా ఇలాగే జరుగుతుంది కదా? మా ఇంట్లో ఉన్నవి అవే. అన్నిచోట్లా వైరింగునే తప్పుపట్టడం సరికాదు.

పాలమూరు_వైర్‌మన్
నిజమే, అది ఇంకొక కారణం. ఆ చిన్న దీపం స్విచ్చు రెండు కొసల మధ్య ఉంటే, స్విచ్చు ఆపినప్పుడు దాని కరెంటు బల్బు గుండానే పోతుంది. అటువంటప్పుడు స్విచ్చు మార్చడమో, బల్బు మార్చడమో చేస్తే సరిపోతుంది. కానీ అనుమానం ఉన్నప్పుడు ముందుగా ప్రమాదకరమైన కారణాన్ని పరీక్షించి తోసిపుచ్చాలి, ఆ తరువాతే ప్రమాదం లేనివాటికి రావాలి. చలక_నేల గారూ, మీ స్విచ్చుల్లో దీపాలు ఉన్నాయా?

చలక_నేల
స్విచ్చుల్లో లేవు. బోర్డుకు ఒక మూలన కరెంటు ఉందో లేదో చూపే దీపం వేరుగా ఉంది.

పాలమూరు_వైర్‌మన్
అయితే అది కారణం కాదు. వేరుగా ఉన్న ఆ దీపం బల్బు గుండా కరెంటును పంపదు.

నల్లగొండ_టీచరమ్మ
ఇంట్లో ఉండే మాలాంటివారు ఫేజు ఎటు ఉందో ఎలా తెలుసుకోవాలి? మా ఇంట్లో స్క్రూడ్రైవరు రూపంలో ఉండే టెస్టరు ఒకటి ఉంది. అది సరిపోతుందా?

విశ్రాంత_లైన్‌మన్
అమ్మా, ఒక్క టెస్టరును నమ్మి నిర్ణయానికి రావద్దు. దానిలోని నియాన్ దీపం మన శరీరం గుండా పోయే అతి స్వల్పమైన కరెంటుతో వెలుగుతుంది కనుక, పక్క వైరు ప్రభావంతో వచ్చిన వోల్టేజికి కూడా సన్నగా వెలుగుతుంది. కాబట్టి వెలిగినంత మాత్రాన ఫేజని చెప్పలేము. వెలగకపోయినా కరెంటు లేదని అనుకోకూడదు, ఎందుకంటే ఎండిన చెక్క స్టూలు మీద నిలబడితే అది సరిగా వెలగకపోవచ్చు.

మేము సర్వీసులో ఉన్నప్పుడు టెస్ట్ ల్యాంపు వాడేవాళ్ళం. హోల్డర్‌కు రెండు వైర్లు కట్టి పాత ఫిలమెంటు బల్బు పెట్టుకునేవాళ్ళం. గదిలోని స్విచ్చు ఆపి, ఒక వైరును సీలింగు హోల్డర్ పిన్నుకు, రెండవదాన్ని ఎర్తుకు తాకిస్తే, ఫేజు నేరుగా వస్తున్నట్లయితే బల్బు నిండుగా వెలుగుతుంది. పక్క వైరు నుండి వచ్చే ఉత్తుత్తి వోల్టేజి అయితే అసలు వెలగదు. ఈ పని చేయడం తెలిసినవారితోనే చేయించాలి. మీరు పక్కన నిలబడి చూస్తే చాలు, ఎలక్ట్రీషియన్ ఊరికే ఒక మాట అనేసి వెళ్ళిపోడు.

వనపర్తి_కోట
విశ్రాంత_లైన్‌మన్ గారు చెప్పిన పరీక్షను మా ఇంట్లో ఒకసారి చేయించినప్పుడు బల్బు వెలగకముందే మెయిన్ దగ్గర ఆర్‌సీసీబీ (కరెంటు నేలలోకి లీకైతే సరఫరాను దానంతటదే ఆపేసే స్విచ్చు) పడిపోయింది. అది దోషమేమోనని అప్పుడు కంగారుపడ్డాము.

విశ్రాంత_లైన్‌మన్
దోషం కాదు, అది తన పని తాను చేసింది. ఫేజు నుండి ఎర్తుకు కరెంటు పోయింది కనుక పడిపోయింది. హోల్డర్ దాకా నిజమైన ఫేజు వచ్చిందనడానికి అదే సాక్ష్యం. అటువంటి ఇళ్ళలో ఎర్తుకు బదులు, బోర్డులో అదే మెయిన్ నుండి వచ్చిన న్యూట్రల్‌కు తాకించి చూస్తే ఆర్‌సీసీబీ పడదు. మల్టీమీటరు ఉంటే ఇంకా మేలు.

కృష్ణ_ఒడ్డు
మా పెద్దవూర వైపు సమస్య వేరు. చీకటి పడగానే బల్బులు మిణుకుమంటాయి, రాత్రి పొద్దుపోయాక నిలకడగా వెలుగుతాయి. పగలు ఏమీ ఉండదు. ఇది కూడా వైరింగు తప్పేనా?

పాలమూరు_వైర్‌మన్
మీ ఇంట్లో ఒక్క గదిలోనా, అన్ని గదుల్లోనా? పక్కింట్లో కూడా ఉందా?

కృష్ణ_ఒడ్డు
అన్ని గదుల్లోనూ ఉంది. వీధి చివరి ఇళ్ళన్నింటిలోనూ ఉంది.

పాలమూరు_వైర్‌మన్
అయితే అది మీ ఇంటి వైరింగుకు సంబంధించినది కాదు. ట్రాన్స్‌ఫార్మర్‌కు దూరంగా ఉన్న ఇళ్ళకు, అందరి వాడకం ఒక్కసారిగా పెరిగే వేళ వోల్టేజి పడిపోతుంది. బల్బు పెట్టె మీద అది ఏ వోల్టేజి నుండి ఏ వోల్టేజి వరకు పనిచేస్తుందో రాసి ఉంటుంది. 220 నుండి 240 అని రాసిన బల్బు కంటే 100 నుండి 300 అని రాసిన బల్బు మీ వీధికి తగినది. తక్కువ వోల్టేజిలో అది మిణుకుమనకుండా అదే వెలుగునిస్తుంది.

విశ్రాంత_లైన్‌మన్
దీనికి నేను ఒకటి కలపాలి, ఎందుకంటే పల్లెల్లో ఇది ప్రాణాల మీదికి వస్తుంది. అందరి ఇళ్ళలో వెలుగు తగ్గితే అది లోడు సమస్య. కానీ కొన్ని ఇళ్ళలో బల్బులు మసకబారి, అదే సమయంలో మరికొన్ని ఇళ్ళలో ఎన్నడూ లేనంత కాంతిగా వెలుగుతూ ఫ్యాన్లు అతి వేగంగా తిరుగుతుంటే, లైనులో న్యూట్రల్ తెగిందని అర్థం. అప్పుడు రెండు ఫేజుల మధ్య ఉండే సుమారు 400 వోల్టులను ఇళ్ళు పంచుకుంటాయి. ఎక్కువ వాడకం ఉన్న ఇళ్ళకు తక్కువ వోల్టేజి, తక్కువ వాడకం ఉన్న ఇళ్ళకు ఎక్కువ వోల్టేజి పోతుంది. ఒక్క చిన్న బల్బు వేసుకుని పడుకున్న ముసలివాళ్ళ ఇంట్లోనే సామాను కాలిపోవడానికి కారణం ఇదే. ఆ లక్షణం కనబడగానే మొదట మెయిన్ ఆపాలి, తరువాత 1912కు ఫోను చేయాలి. ఏ వస్తువు కాలిందో చూడటం ఆ తరువాతి పని.

కల్వకుర్తి_రైతు
న్యూట్రల్ మాట వచ్చింది కనుక చెబుతున్నాను. మా వైపు న్యూట్రల్ సరిగా లేనప్పుడు, ఇంటి వెనక ఉన్న బోరు కేసింగు పైపుకు ఒక వైరు కట్టి దానినే న్యూట్రల్‌గా వాడుకునే ఇళ్ళు ఇప్పటికీ ఉన్నాయి. బల్బులు వెలుగుతాయి, అందుకే ఎవరూ తప్పు అనుకోరు. ఎండాకాలం నేల ఎండిపోయాక వెలుగు తగ్గుతుంది, అప్పుడు అక్కడ నీళ్ళు పోస్తారు. మా బంధువుల ఇంట్లో తడి చేత్తో ఆ పైపు పట్టుకున్న ఆమెకు గట్టి షాకు కొట్టింది, అదృష్టవశాత్తు బతికింది.

విశ్రాంత_లైన్‌మన్
కల్వకుర్తి_రైతు గారు రాసినది ప్రతి ఊళ్ళోనూ చదివి వినిపించవలసిన విషయం. ఇంట్లో వాడే కరెంటంతా ఆ పైపు గుండా నేలలోకి పోతుంది. ఎండిన నేల కరెంటును సరిగా తీసుకోలేనప్పుడు ఆ పైపే కరెంటు తీగ అవుతుంది. అక్కడ నీళ్ళు పోసే మనిషి ఏ స్థితిలో నిలబడి ఉంటాడో ఆలోచించండి. ఎర్తు అనేది ప్రమాదవేళ కరెంటును దింపడానికే. రోజువారీ వాడకానికి న్యూట్రల్‌గా పెట్టుకోవడానికి ఎంతమాత్రం కాదు.

గుట్టమీది_ఇల్లు
నాకు దీనిమీదే ఒక సందేహం ఉంది. మాది రాతినేల. ఎర్తింగు గుంత కోసం కొద్దిగా తవ్వగానే బండ వచ్చింది. బొగ్గు, ఉప్పు వేసి పూడ్చారు, వేసవిలో నీళ్ళు పోయమన్నారు. ఇటువంటి నేలలో ఎర్తింగు నిజంగా పనిచేస్తుందా, లేక మన తృప్తి కోసమేనా?

పాలమూరు_వైర్‌మన్
పనిచేస్తుంది, కానీ దానికి తోడు కావాలి. లెక్క చూడండి. రాతినేలలో మీ ఎర్తు నిరోధం 50 ఓములు ఉందనుకుందాం. దీపం ఇనుప బాడీకి ఫేజు తగిలితే 230ని 50తో భాగించగా 4.6 ఆంపియర్లు మాత్రమే నేలలోకి పోతాయి. లైట్ల సర్క్యూటుకు పెట్టిన 6 ఆంపియర్ల ఎంసీబీ (పరిమితికి మించి కరెంటు పోతే ఆపేసే స్విచ్చు) దానికి పడదు. అది మామూలు వాడకమే అనుకుంటుంది. అంతసేపూ ఆ బాడీ మీద కరెంటు ఉంటుంది. 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉంటే అదే లోపానికి వెంటనే పడిపోతుంది. నల్లరేగడిలో ఉన్నవారికి కూడా నేను ఆర్‌సీసీబీ పెట్టించుకోమనే చెబుతాను, అయితే పాలమూరు, నల్లగొండ గుట్టల నడుమ ఇళ్ళకు అది లేకుండా ఎర్తింగు సగం పనే. నెలకొకసారి దాని మీది టెస్టు బటను నొక్కి పడుతోందో లేదో చూసుకోండి. ఎంసీబీ వైరును కాపాడుతుంది, ఆర్‌సీసీబీ మనిషిని కాపాడుతుంది.

గుట్టమీది_ఇల్లు
ఇంత స్పష్టంగా మాకు ఎవరూ చెప్పలేదు. ఈ వారమే పెట్టిస్తాను.

సోల్డరింగ్_బల్ల
చలక_నేల గారి రెండవ ప్రశ్న వెనకబడిపోయింది. నేను పోయిన బల్బులను విప్పి బాగుచేస్తుంటాను కనుక దాని గురించి చెప్పగలను. స్నానాలగదిలో బల్బులు పోవడానికీ ఆ సన్నటి వెలుగుకూ సంబంధం లేదు. అక్కడి శత్రువు వేడి. ఫిలమెంటు బల్బు వేడిని వెలుతురుతో పాటు బయటికి చిమ్ముతుంది, ఎల్‌ఈడీ బల్బు వేడి మాత్రం దాని మెడ భాగంలో చేరుతుంది. సరిగ్గా అక్కడే డ్రైవరు సర్క్యూటు (కరెంటును ఎల్‌ఈడీకి తగినట్లు మార్చే భాగం), అందులో ఒక కెపాసిటరు ఉంటాయి. గాలి ఆడని గాజు మూతలో, అందులోనూ వేసవిలో 45 డిగ్రీలు దాటే మన జిల్లాల్లో, ఎండకు కాగిన స్లాబు కింద, ఆ కెపాసిటరు త్వరగా ఎండిపోతుంది. పెట్టె మీద 25,000 గంటలని రాసినా అది అనుకూలమైన వేడిమిలో ఉండే లెక్క. మూత ఉన్న దీపంలో తక్కువ వాట్ల బల్బు పెట్టండి, లేదా మూతతో సహా కలిసి వచ్చే ఎల్‌ఈడీ దీపాన్నే కొనండి.

పెట్టె మీద బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ముద్ర, దాని కింద ఆర్ అక్షరంతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ సంఖ్య, ఐఎస్ 16102 అనే ప్రమాణం సంఖ్య ఉన్నాయో లేదో చూడండి. సంతలో కుప్పగా పోసి అమ్మే బల్బుల్లో చాలావాటికి ఇవి ఉండవు.

నల్లగొండ_టీచరమ్మ
స్నానాలగది గోడ దీపాలకు, బయట గేటు స్తంభాల మీది దీపాలకు ఐపీ అని ఒక సంఖ్య రాసి ఉంటోంది. దాన్ని చూసి కొనాలా?

సోల్డరింగ్_బల్ల
తప్పకుండా చూడాలి. రెండు అంకెల్లో మొదటిది దుమ్ము నుండి, రెండవది నీటి నుండి రక్షణను తెలుపుతుంది. స్నానాలగదికి ఐపీ44, వాన నేరుగా తగిలే గేటుకు ఐపీ65 తీసుకోండి.

గద్వాల_జరీ
మాది చీరల దుకాణం. ఎక్కువ వెలుగని చెప్పి 6500 కెల్విన్ల (వెలుగు రంగును తెలిపే కొలత) తెల్లబల్బులు పెట్టించాము. వచ్చినవారు లోపల ఒక రంగు చూసి, బయట ఎండలోకి తీసుకెళ్ళి చూసుకుని, ఇది వేరే రంగు కదా అని తిరిగి వస్తున్నారు. మిరపపండు ఎరుపు పట్టు అంచులు లోపల నిర్జీవంగా కనబడుతున్నాయి. వాట్లు పెంచితే సరిపోతుందా?

సోల్డరింగ్_బల్ల
వాట్లు పెంచితే అదే తప్పు రంగు ఇంకా ఎక్కువ వెలుగులో కనబడుతుంది. మీరు చూడవలసింది సీఆర్ఐ అనే సంఖ్య. రంగులను ఎంత నిజాయితీగా చూపుతుందో అది చెబుతుంది, గరిష్ఠం 100. మామూలు ఇళ్ళ బల్బులకు 80 దగ్గర ఉంటుంది, అవి ఎరుపు విషయంలోనే ముఖ్యంగా వెనకబడతాయి. మీకు 90 దాటినవి కావాలి, రంగు 4000 కెల్విన్ల దగ్గర ఉండాలి. ముందు ఒక్క బల్బు తెప్పించి, అదే చీరను దాని కిందా ఎండలోనూ పోల్చి చూడండి. అన్నీ ఒకేసారి కొనవద్దు.

గద్వాల_జరీ
ఇన్నాళ్ళూ దుకాణంవాళ్ళు మాకు వాట్లు తప్ప మరేమీ చెప్పలేదు. మగ్గాల దగ్గర కూడా ఇదే పాటించాలన్నమాట, నూలు రంగు అక్కడే పోల్చుకుంటాము కదా.

నల్లగొండ_టీచరమ్మ
మా ఇంట్లో ఇంకా చోకు, స్టార్టరు ఉన్న పాత ట్యూబులైట్లే ఉన్నాయి. పట్టీలు అలాగే ఉంచి ఎల్‌ఈడీ ట్యూబు మాత్రం పెట్టుకోవచ్చా? గృహజ్యోతి ఉచిత కరెంటు పథకం కింద 200 యూనిట్ల లోపు ఉండాలని మేము ప్రతి యూనిట్‌నూ లెక్కపెట్టుకుంటున్నాము.

పాలమూరు_వైర్‌మన్
పెట్టుకోవచ్చు, అయితే స్టార్టరు తీసివేసి, చోకును సర్క్యూటు నుండి తప్పించి వైర్లను సరిచేయాలి. కొన్ని ఎల్‌ఈడీ ట్యూబులకు కరెంటు ఒక కొసకే ఇవ్వాలి, కొన్నింటికి రెండు కొసలకూ ఇవ్వాలి. ట్యూబు మీద బొమ్మ ఉంటుంది, దాని ప్రకారమే కలపాలి. యూనిట్ల లెక్కకు వస్తే, పాత 40 వాట్ల ట్యూబు చోకుతో కలిపి సుమారు 50 వాట్లు తీసుకుంటుంది. రోజుకు ఐదు గంటలు వెలిగితే నెలకు 7.5 యూనిట్లు. 20 వాట్ల ఎల్‌ఈడీ ట్యూబుకు 3 యూనిట్లే. తీసేసిన పాత ట్యూబులను పగలగొట్టకండి, వాటిలో పాదరసం ఉంటుంది.

మిర్యాలగూడ_మిల్లు
టీచరమ్మగారూ, దేవుడి గూట్లోనో పడకగదిలోనో పాత జీరో బల్బు ఉంటే మొదట దాన్ని మార్చండి. పేరు జీరో అయినా అది సుమారు 15 వాట్లు తీసుకుంటుంది. రాత్రంతా, అంటే పది గంటలు వెలిగితే నెలకు 4.5 యూనిట్లు అవుతుంది. అర వాటు ఎల్‌ఈడీ దీపానికి నెలంతా కలిపి యూనిట్‌లో ఆరో వంతు కూడా కాదు.

నల్లగొండ_టీచరమ్మ
మా అత్తగారి గదిలో అదే ఉంది. రేపే మారుస్తాను.

కల్వకుర్తి_రైతు
వానలు పడగానే వాకిట్లో బల్బు చుట్టూ ఉసిళ్ళు ముసురుకుని అన్నం తినలేకపోతున్నాము. దీనికి ఉపాయం ఉందా?

సోల్డరింగ్_బల్ల
వాకిట్లో తెల్ల బల్బు తీసి 2700 లేదా 3000 కెల్విన్ల పసుపు వెలుగు బల్బు పెట్టండి. పురుగులను ఎక్కువగా ఆకర్షించేది వెలుగులోని నీలి భాగం. పూర్తిగా పోవు కానీ తగ్గుతాయి. భోజనం చేసే చోటికి దూరంగా, గేటు దగ్గర ఒక తెల్ల బల్బు వేస్తే చాలావరకు అటు పోతాయి.

చలక_నేల
అందరి మాటా విని వేరే ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి, దగ్గర నిలబడి చూశాను. రెండు పడకగదుల్లోనూ స్విచ్చులు న్యూట్రల్ మీదే ఉన్నాయి. జంక్షన్ బాక్సు విప్పితే ఆ గదులకు వెళ్ళే ఎరుపు, నలుపు వైర్లు ఒకదాని స్థానంలో ఒకటి కలిపి ఉన్నాయి. అంటే ఆ గదుల్లో సాకెట్ల దగ్గర కూడా ఫేజు, న్యూట్రల్ తారుమారే. బాక్సులో సరిచేయగానే రెండు గదుల్లోనూ వెలుగు పూర్తిగా పోయింది. టెస్ట్ ల్యాంపు పరీక్ష ముందూ తరువాతా చేయించాను. మా నాన్నగారికి దగ్గరుండి చూపించాను, ఇకమీదట మెయిన్ ఆపకుండా స్టూలెక్కనని మాట ఇచ్చారు. కానీ మెట్ల దగ్గరి బల్బు మాత్రం ఇంకా సన్నగా వెలుగుతూనే ఉంది. అక్కడ వైర్లు సరిగానే ఉన్నాయని ఎలక్ట్రీషియన్ అంటున్నారు.

విశ్రాంత_లైన్‌మన్
అక్కడ కిందా పైనా రెండు స్విచ్చులు ఉన్నాయా?

చలక_నేల
ఉన్నాయి. ఎటునుంచైనా వేయవచ్చు, ఆపవచ్చు.

విశ్రాంత_లైన్‌మన్
అయితే ఎలక్ట్రీషియన్ చెప్పినది నిజమే. టూవే స్విచ్చుల మధ్య రెండు వైర్లు పైకీ కిందికీ సాగుతాయి. దీపం ఆరి ఉన్నప్పుడు కూడా వాటిలో కనీసం ఒకదానిలో ఫేజు ఉంటుంది. అది బల్బుకు పోయే వైరు పక్కనే అంత పొడవునా ఉండటం వల్ల ఆ స్వల్ప ప్రభావం పడుతుంది. టెస్ట్ ల్యాంపు అక్కడ వెలగకపోతే భయపడవలసిన పని లేదు.

సోల్డరింగ్_బల్ల
ఆ వెలుగు కూడా వద్దనుకుంటే హోల్డర్ దగ్గర బల్బుకు సమాంతరంగా 0.1 మైక్రోఫారడ్ కెపాసిటరు ఒకటి పెట్టించవచ్చు. కానీ అది నేరుగా మెయిన్స్ మీద పెట్టడానికి తయారైన ఎక్స్2 రకమే కావాలి, 275 వోల్టులని రాసి ఉండాలి. మామూలు కెపాసిటరు పెడితే అది కాలిపోవచ్చు.

మిర్యాలగూడ_మిల్లు
మెట్ల దగ్గరైతే నేను మొదట చెప్పినట్లు బల్బు మార్చినా సరిపోతుంది కదా?

పాలమూరు_వైర్‌మన్
సరిపోతుంది. పరీక్ష అయిపోయింది కనుక అక్కడ మీ మాటే తేలికైన దారి.

చలక_నేల
మెట్ల బల్బును హాలులోకి, హాలు బల్బును మెట్ల దగ్గరికి మార్చి చూశాము. ఇప్పుడు రెండు చోట్లా వెలుగు లేదు. సాయంత్రం ఆర్‌సీసీబీ కొనడానికి దేవరకొండ వెళుతున్నాను. సింగిల్ ఫేజు సర్వీసుకు ఎన్ని ఆంపియర్లది తీసుకోవాలి?

పాలమూరు_వైర్‌మన్
ముందు మీ మెయిన్ ఎంసీబీ మీద ఉన్న సంఖ్య చూడండి. ఆర్‌సీసీబీ ఆంపియర్లు దానికి సమానంగా గాని ఎక్కువగా గాని ఉండాలి. 32 ఉంటే రెండు పోళ్ళ 40 ఆంపియర్లది తీసుకోండి. లీకేజి సంఖ్య మాత్రం 30 మిల్లీఆంపియర్లే ఉండాలి. దుకాణంలో 100 గాని 300 గాని ఇస్తామంటే తీసుకోకండి.